దేవుని కృప అంటే ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రార్థనలో, పాటలో, ఉత్తరం మొదట్లో, పలకరింపులో, చివరికి పిల్లల పేర్లలో కూడా ‘కృప’ ఉంటుంది. అంతగా నలిగిన మాట కాబట్టే, ‘అంటే ఏమిటి?’ అని ఎవరైనా నిలదీస్తే చాలామందికి వెంటనే నోరు పెగలదు. బైబిల్ స్టడీల్లో పదే పదే ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని ఇక్కడ ఉన్నాయి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోయింది, కొన్నిటికి తేలలేదు. వచనాలు ఎక్కువమందికి నోటికి వచ్చే పాత తెలుగు అనువాదంలోవి.

కృప అంటే సూటిగా ఏమిటి?

మనకు హక్కు లేని మేలును దేవుడు తనంతట తానే మనకు చేయడం. ఇంతకంటే చిన్నగా చెప్పడం కష్టం.

దీన్ని అర్థం చేసుకోవడానికి, కొత్త నిబంధనలో చాలా ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు ఇచ్చిన పోలికే అన్నిటికంటే పనికొస్తుంది. రోమా 6:23లో పాపం వల్ల వచ్చే జీతం మరణం అని ఒకవైపు, దేవుని కృపావరం నిత్యజీవం అని ఇంకోవైపు పెట్టాడు. అక్కడ జీతం అనే చోట గ్రీకులో ఉన్న మాట సైనికులకు ఇచ్చే బత్తేనికి వాడేది. జీతం అంటే పనిచేసినవాడికి రావలసింది. ఇవ్వకపోతే అడగొచ్చు, గొడవ పడొచ్చు. పాపం తన దగ్గర కొలువు చేసినవాడికి బాకీ ఉంచుకోకుండా చెల్లిస్తుందట. దేవుడు ఇచ్చే దానికి మాత్రం పౌలు ‘జీతం’ అనే మాట వాడలేదు, ‘వరం’ అన్నాడు. వరం కోసం ఎవరూ రసీదు పట్టుకుని వెళ్లి అడగలేరు.

ఈ పేజీలో ఉన్న ప్రశ్నల్లో సగానికి పైగా, జీతానికి వేసే లెక్కను వరానికి వేయడం వల్ల పుట్టినవేనని నా అభిప్రాయం.

దయ, కనికరం, కృప మూడూ ఒకటేనా?

ప్రసంగాల్లో ఒక సూత్రం తరచుగా వినిపిస్తుంది: రావలసిన శిక్ష రాకపోతే కనికరం, రాకూడని మేలు వస్తే కృప. గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది. కానీ బైబిల్ ఈ గీతను అంత కచ్చితంగా పాటించదు.

తప్పిపోయిన కుమారుడి కథ (లూకా 15) చూడండి. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూసి, కనికరపడి పరుగెత్తాడు. పరుగెత్తించింది కనికరం. ఆ తర్వాత ప్రశస్త వస్త్రం, వేలికి ఉంగరం, కాళ్లకు చెప్పులు వచ్చాయి. పనివాడిగా పెట్టుకుంటే చాలని బతిమాలుకుందామని వచ్చినవాడికి కొడుకు స్థానం తిరిగి దక్కింది, అది కృప. ఒకే తండ్రి, ఒకే నిమిషం. విడదీయబోతే కథ చెడుతుంది.

మూల భాషల్లో ఈ మాట ఏది?

పాత నిబంధన హీబ్రూలో ప్రధానంగా రెండు మాటలున్నాయి. మొదటిది ‘హేన్’. పైస్థాయిలో ఉన్నవాడు కిందివాడి వైపు ఇష్టంగా చూడడం. నోవహు ‘యెహోవా దృష్టియందు కృప పొందినవాడాయెను’ (ఆదికాండం 6:8) అన్నప్పుడు ఉన్నది ఇదే. ఎవరి కళ్లల్లో అనేది చాలాసార్లు దీని వెంటే ఉంటుంది.

రెండోది ‘హెసెద్’. ఇది బంధం ఉన్న చోట మాట తప్పని ప్రేమ. అవతలివాడు మాట తప్పినా ఇవతలివాడు తప్పడు. 136వ కీర్తనలో ఉన్న 26 వచనాల్లో ప్రతిదాని చివరా ‘ఆయన కృప నిరంతరముండును’ అని వస్తుంది కదా, ఆ కృప హెసెద్. 23వ కీర్తనలో బ్రతుకు దినములన్నియు వెంట వచ్చే ‘కృపాక్షేమములు’ లోని కృప కూడా అదే.

కొత్త నిబంధన గ్రీకులో మాట ‘ఖారిస్’. సుమారు 155 సార్లు వస్తుంది, అందులో దాదాపు 100 పౌలు పేరున్న ఉత్తరాల్లోనే. ఈ మాటకు ఉన్న విస్తృతి తెలుగులో ఒక్క మాటలో పట్టదు. ఇచ్చేవాడి మంచి మనసు ఖారిస్, ఇచ్చిన వస్తువు ఖారిస్, పుచ్చుకున్నవాడు చెప్పే కృతజ్ఞత కూడా ఖారిస్. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8, 9 అధ్యాయాల్లో పౌలు యెరూషలేము పేదల కోసం చందా అడుగుతూ ఈ మాటతో ఒక ఆటే ఆడాడు. క్రీస్తు చూపిన కృపా ఖారిసే, కొరింథీయులు ఇవ్వబోయే చందా ఖారిసే, చివర్లో ‘దేవునికి స్తోత్రము’ అన్నదీ ఖారిసే. తెలుగులో అవి కృప, ఉపకారం, స్తోత్రం అని వేర్వేరుగా విడిపోవడంతో ఆ తీగ మనకు కనబడదు.

దీనికి బదులుగా అన్నట్టు, తెలుగులో మాత్రమే హాయిగా కనబడేది ఒకటుంది. నిర్గమకాండం 34:6లో దేవుడు సీనాయి కొండ మీద మోషే ఎదుట తన పేరు తానే ప్రకటించుకుంటూ ‘విస్తారమైన కృపాసత్యములుగల’ వాణ్నని చెప్తాడు. యోహాను సువార్త 1:14లో వాక్యం శరీరధారియై ‘కృపాసత్యసంపూర్ణుడుగా’ మన మధ్య నివసించాడు. చాలా ఇంగ్లిషు బైబిళ్లలో ఈ రెండు చోట్లా వేర్వేరు మాటలు పడ్డాయి. తెలుగు అనువాదకులు హెసెద్‌కూ ఖారిస్‌కూ కృప అనే ఒకే మాట వాడడం వల్ల, యోహాను సీనాయి కొండను గుర్తు చేస్తున్నాడని పండితులు పుస్తకాల్లో వివరించే సంగతి తెలుగు పాఠకుడికి చెవికే తగులుతుంది.

‘వరప్రసాదం’, ‘అనుగ్రహం’ అని కూడా అంటారు. అదీ ఇదీ ఒకటేనా?

ఒకటే. కతోలిక ప్రార్థనలో ‘దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా’ అని ఉన్నది లూకా 1:28లో దేవదూత పలకరింపు. అక్కడున్న గ్రీకు మాట ఖారిస్ నుంచి పుట్టిందే. పాత తెలుగు అనువాదంలో అదే చోట ‘దయాప్రాప్తురాలా’ అని ఉంటుంది.

పాత నిబంధన ధర్మశాస్త్రం, కొత్త నిబంధన కృప. అంతే కదా?

చాలామంది నమ్మకం ఇదే. దీనికి ఆధారంగా యోహాను 1:17 చూపిస్తారు: ధర్మశాస్త్రం మోషే ద్వారా, కృపా సత్యం యేసుక్రీస్తు ద్వారా. కానీ యోహాను దాని ముందు వచనంలోనే ‘కృప వెంబడి కృప’ అన్నాడు. ఒకటి చెడ్డది పోయి మంచిది వచ్చిందని చెప్పే మాట కాదది.

నిర్గమకాండంలో జరిగిన వరస చూడండి. ఇశ్రాయేలీయులు ముందు ఐగుప్తు నుంచి విడుదలయ్యారు, ఎర్ర సముద్రం దాటారు, మన్నా తిన్నారు. ఆ తర్వాతే సీనాయి దగ్గర ఆజ్ఞలు వచ్చాయి. పది ఆజ్ఞల మొదటి వాక్యం ఆజ్ఞ కూడా కాదు, ‘నేను నిన్ను బానిసత్వంలో నుంచి బయటికి తెచ్చాను’ అని చెప్పడం. ఆజ్ఞలు పాటించినందుకు విడుదల దొరకలేదు, విడుదలైన జనానికి ఆజ్ఞలు దొరికాయి.

పైన చెప్పిన ‘కృపాసత్యములు’ ఎప్పుడు ప్రకటించబడ్డాయో కూడా గమనించాలి. మోషే కొండ మీద ఉండగానే కింద జనం బంగారు దూడ చేసి మొక్కారు. పలకలు పగిలాయి. వాటి స్థానంలో రెండో జత పలకలు చెక్కించుకుని మళ్లీ కొండెక్కినప్పుడు దేవుడు ఆ మాటలు పలికాడు. అదే చోట దోషులను విచారించకుండా విడిచిపెట్టనని కూడా అన్నాడు, దాన్ని దాటేసి చదవకూడదు. అయినా నిబంధన తెగిపోయిన రోజుల్లోనే కృప గురించి అంత పెద్ద మాట రావడం నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది.

ఇంకొకటి 2 సమూయేలు 9వ అధ్యాయం. పాత రాజవంశంలో మిగిలినవాళ్లను కొత్త రాజు బతకనివ్వడం ఆ రోజుల్లో అరుదు. దావీదు మాత్రం, సౌలు కుటుంబంలో ఎవరైనా మిగిలి ఉంటే, సౌలు కొడుకూ తన ప్రాణ స్నేహితుడూ అయిన యోనాతాను కోసం వాళ్లకు ఉపకారం చేయాలని వెతికించాడు. లోదెబారులో యోనాతాను కొడుకు మెఫీబోషెతు దొరికాడు. ఐదేళ్ల వయసులో దాది ఎత్తుకుని పారిపోతుండగా కిందపడి రెండు కాళ్లూ కుంటివైనవాడు. తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. రాజు అతనికి తాతగారి భూమి తిరిగి ఇచ్చి, తన కొడుకుల్లో ఒకడిలా రోజూ తన బల్ల దగ్గరే భోజనం పెట్టించాడు. దావీదు వెతికించి చేసిన ఆ ఉపకారానికి మూలంలో ఉన్న మాట హెసెదే. అధ్యాయం చివరి మాట ఏమిటో తెలుసా? అతని రెండు కాళ్లూ కుంటివని. బల్ల దగ్గర కూర్చున్నంత మాత్రాన కాళ్లు బాగుపడలేదు, కాళ్లు బాగుపడేదాకా బల్ల దగ్గరికి రావద్దనీ ఎవరూ అనలేదు.

యేసు ‘కృప’ గురించి ఏం చెప్పారు?

ఇక్కడ కొంచెం ఆశ్చర్యం ఉంది. మత్తయి, మార్కు సువార్తల్లో ఖారిస్ అనే మాటే లేదు. లూకాలో యేసు నోట కొన్నిసార్లు వస్తుంది కానీ అక్కడ అర్థం మెప్పు, కృతజ్ఞత అని. కృప మీద ఆయన పాఠం చెప్పలేదు, కథలు చెప్పారు. జనం చీదరించుకునే సుంకరులతో, అంటే పన్ను వసూలు చేసేవాళ్లతో, కలిసి భోజనానికి కూర్చున్నారు.

ఆ కథల్లో మత్తయి 20లోని ద్రాక్షతోట కథ ఎక్కువమందిని ఇబ్బంది పెడుతుంది. యజమాని తెల్లవారగానే కూలీలను పిలిచి రోజుకు ఒక దేనారం అని బేరం కుదుర్చుకున్నాడు. తర్వాత ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి, చివరికి సాయంత్రం 5కి కూడా వెళ్లి ఇంకొందరిని పిలిచాడు. కూలి ఇచ్చేటప్పుడు చివర వచ్చినవాళ్లకు ముందు ఇచ్చాడు, అదీ ఒక దేనారం. ముందొచ్చినవాళ్లకు ముందిచ్చి పంపేస్తే గొడవే ఉండేది కాదు. వాళ్లు చూడాలనే యజమాని అలా చేసినట్టుంది.

అది అన్యాయం కాదా? పొద్దంతా ఎండలో పనిచేసినవాడికీ గంట పనిచేసినవాడికీ ఒకటే కూలా?

పొద్దున వచ్చినవాళ్లకు కుదుర్చుకున్న కూలిలో పైసా తగ్గలేదు. వాళ్ల బాధ తమకు తక్కువ వచ్చిందని కాదు, అవతలివాడికి ఎక్కువ వచ్చిందని. యజమాని అడిగిన చివరి ప్రశ్న గ్రీకులో మాటకు మాట చూస్తే ‘నేను మంచివాణ్ని కాబట్టి నీ కన్ను చెడ్డదైందా?’ అని ఉంటుంది. మనం కన్నుకుట్టడం అంటామే, అదే.

సాయంత్రం దాకా ఖాళీగా ఎందుకున్నారని అడిగితే వాళ్లు చెప్పిన జవాబు కూడా మరిచిపోకూడదు: మమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఆ జవాబు వచ్చాక యజమాని ఇంకేమీ ప్రశ్నించలేదు. మీరూ తోటలోకి వెళ్లండి అన్నాడు.

మనం ఈ కథ చదివేటప్పుడు ఎందుకో తెల్లవారుజామున వచ్చినవాళ్లమని అనుకుంటూ చదువుతాం. ఐదు గంటలవాడిగా చదివితే ఈ ప్రశ్నే రాదు.

ఎఫెసీ 2:8లో ‘ఇది మీవలన కలిగినది కాదు’ అంటే, ఏది? కృపా, విశ్వాసమా?

విశ్వాసం కూడా దేవుడే ఇస్తాడా, అది మన వంతా అనే తగాదా ఈ ‘ఇది’ మీద చాలాకాలంగా నడుస్తోంది. గ్రీకు వ్యాకరణం ప్రకారం కృప, విశ్వాసం రెండూ స్త్రీలింగ పదాలు. ‘ఇది’ అని ఉన్న సర్వనామం నపుంసక లింగం. కాబట్టి అది ఆ రెండు మాటల్లో ఏ ఒక్కదాన్నో వేలెత్తి చూపిస్తోందనడం కంటే, కృపచేత విశ్వాసం ద్వారా రక్షణ పొందడం అనే మొత్తం సంగతిని చూపిస్తోందనడమే సబబు. విశ్వాసం ఎక్కడినుంచి వస్తుందనే ప్రశ్నను వేరే వచనాలతో తేల్చుకోవాలి, ఈ ఒక్క సర్వనామం మీద అంత బరువు మోపకూడదు.

కృపచేతనే రక్షణ అయితే మంచి పనులు అక్కర్లేదా? యాకోబు వేరేగా చెప్పాడు కదా?

మనుష్యుడు విశ్వాసమూలంగా మాత్రమే కాక క్రియల మూలంగానూ నీతిమంతుడని యాకోబు 2:24 అంటుంది. ధర్మశాస్త్ర క్రియల మూలంగా ఎవరూ నీతిమంతులు కారని గలతీ 2:16 అంటుంది. పైకి చూస్తే ఢీకొంటున్నాయి.

ఇద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారో చూస్తే ముడి చాలావరకు విడిపోతుంది. యూదులు కాని విశ్వాసులు కూడా సున్నతి పొందాలని పట్టుబట్టినవాళ్లతో పౌలు వాదిస్తున్నాడు. యాకోబు ఎదుట ఉన్నవాడు వేరు. బట్టల్లేని, ఆనాటికి తిండి లేని సహోదరుడికి ఏమీ ఇవ్వకుండా ‘సమాధానంగా వెళ్లు, చలి కాచుకో, కడుపునిండా తిను’ అని దీవించి పంపేవాడు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు. పౌలు, ఇంకా కొడుకు పుట్టకముందు అతను దేవుణ్ని నమ్మిన ఆదికాండం 15 దగ్గర ఆగుతాడు. యాకోబు ఆ మాటను ఎత్తుకుని ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన 22వ అధ్యాయం దాకా నడిపిస్తాడు.

పైగా పౌలు కూడా ఎఫెసీ 2:9 దగ్గర ఆగలేదు. పదో వచనంలోనే మనం సత్‌క్రియలు చేయడానికే క్రీస్తులో సృష్టించబడ్డామన్నాడు. ఎనిమిది, తొమ్మిది వచనాలు కంఠస్థం చేయించి పదోదాన్ని వదిలేసే అలవాటు మనది. పనులు కృపకు వేరు కావు, కొమ్మలు. తన గురించి పౌలు చెప్పిన మాటలో రెండూ కలిసే ఉన్నాయి: అందరికంటే ఎక్కువగా కష్టపడ్డాను, అయినా కష్టపడింది నేను కాదు, నాకు తోడైన దేవుని కృప (1 కొరింథీ 15:10).

ఎలాగూ కృప ఉంది కదా అని పాపం చేస్తూ పోతే?

ఈ ప్రశ్న పౌలునే అడిగారు. రోమా 6 మొదలయ్యేదే దీంతో. అతని జవాబు ‘అట్లనరాదు’. ఈ ప్రశ్న వచ్చిందంటే బోధ సరైన దారిలోనే ఉందని కూడా ఒక గుర్తు. కష్టపడి సంపాదించుకో అని చెప్పేవాణ్ని ఎవరూ ఇలా అడగరు.

తీతు 2:11, 12లో కృప ఒక బడిపంతులులా కనబడుతుంది. భక్తిహీనతను వదులుకుని స్వస్థబుద్ధితో, నీతితో బతకమని మనకు నేర్పిస్తుంది. క్షమించి ఊరుకునేది కృప సగమే, మిగతా సగం మనిషిని మార్చే పని. దేవుని కృపను కామాతురత్వానికి సాకుగా మార్చుకునేవాళ్ల మీద యూదా పత్రిక నాలుగో వచనం ఎంత కటువుగా ఉందో ఒకసారి చదివితే చాలు.

ఆ కాలపు గ్రీకు, రోమా లోకంలో బహుమతి ఇవ్వడం మామూలే. కాకపోతే దాత తగినవాణ్ని చూసి ఇచ్చేవాడు, పుచ్చుకున్నవాడు కృతజ్ఞతతో తిరిగి ఏదో ఒకటి చేసేవాడు. పౌలు చెప్పిన కొత్త సంగతి మొదటిదానిలో ఉంది: మనం ఇంకా బలహీనులుగా, భక్తిహీనులుగా, శత్రువులుగా ఉండగానే క్రీస్తు చనిపోయాడు (రోమా 5:6–10). రెండోదాన్ని, అంటే ప్రతిస్పందన ఉండాలన్నదాన్ని పౌలు కొట్టేయలేదు. అర్హత చూడకుండా వచ్చిన కృప, వచ్చాక మనిషిని ఉన్నచోటే వదిలేసి పోదు.

నన్ను దేవుడు క్షమించాడు సరే. నాకు అన్యాయం చేసినవాణ్ని నేనూ క్షమించి తీరాలా?

మత్తయి 18లో యేసు ఈ ప్రశ్నకు అంకెలతో జవాబిచ్చారు. ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు, ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. ‘కొంచెం ఓర్చుకోండి, అంతా తీర్చేస్తాను’ అని అతను బతిమాలడం వినడానికే నవ్వొస్తుంది. రాజు అంతా కొట్టేశాడు. బయటికి వచ్చి, తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు.

100 దేనారాలు మూడు నాలుగు నెలల కూలి. చిన్న మొత్తమేమీ కాదు. మీకు జరిగిన అన్యాయం చిన్నదని ఈ కథ అనడం లేదు, దాన్ని ఏ మొత్తం పక్కన పెట్టి చూడాలో చెబుతోంది. క్షమించడం అంటే జరిగింది తప్పు కాదని ఒప్పుకోవడమూ కాదు, దెబ్బలు తినే చోటికి తిరిగి వెళ్లడమూ కాదు. ఈ మాట పెద్దలు కొందరు చెప్పరు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

‘నా కృప నీకు చాలును’ అంటే ప్రార్థనకు జవాబు రాలేదనేనా?

పౌలు అడిగింది రాలేదు, అది నిజం. శరీరంలో ఉన్న ముల్లును తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీ 12). ఆ ముల్లు ఏమిటో అతను చెప్పలేదు. జబ్బు అని కొందరు, వెంటాడిన శత్రువులని కొందరు ఊహించారు. చెప్పకపోవడమే మంచిదైంది, ఎవరి ముల్లు వాళ్లు అక్కడ పెట్టుకుని చదువుకోగలుగుతున్నారు.

ఈ వచనంలో కృపకు అర్థం కొంచెం జరిగిందని గమనించండి. ఇక్కడ అది పాపక్షమాపణ గురించి కాదు. బలహీనతలో నిలబెట్టే శక్తి. జబ్బుతో, అప్పులతో, టెన్షన్‌తో నలిగిపోతున్నవాళ్ల ముఖాన ఈ వచనం విసిరి ‘ఇక అడగొద్దు’ అనడం మాత్రం తప్పు. పౌలు మూడుసార్లు అడిగాడు, అడిగినందుకు అతన్ని ఎవరూ మందలించలేదు. ‘చాలును’ అన్న మాట ప్రభువు చెప్పింది, పక్కింటివాళ్లు కాదు.

ఒకసారి పొందిన కృపను పోగొట్టుకుంటామా?

సంఘాలు ఒక మాట మీదికి రాని ప్రశ్నల్లో ఇదొకటి. తన గొర్రెలను ఎవరూ తన చేతిలో నుంచి లాక్కోలేరన్న యేసు మాట (యోహాను 10:28), దేవుని ప్రేమ నుంచి ఏదీ మనల్ని వేరు చేయలేదన్న రోమా 8 ఒకవైపు ఉన్నాయి. వెలిగించబడి తర్వాత తప్పిపోయినవాళ్ల గురించి హెబ్రీ 6 చేసిన హెచ్చరిక ఇంకోవైపు. 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ బాటలో ఉన్నవాళ్లు నిజంగా ఎన్నికైనవాళ్లు చివరిదాకా నిలబడతారంటారు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన వెస్లీ బాటలో ఉన్నవాళ్లు విశ్వాసాన్ని వదిలేసేవాళ్లూ ఉంటారంటారు. కతోలికులు ఘోరపాపంతో కృప పోతుందని, పాపసంకీర్తనంతో, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడంతో, తిరిగి దొరుకుతుందని నమ్ముతారు.

ఒక్క సంగతి మాత్రం అందరూ సరిచూసుకోవాలి. ‘కృపలోనుండి తొలగిపోయి యున్నారు’ అన్న గలతీ 5:4ను మామూలుగా చెడు దారి పట్టినవాళ్ల మీద వాడతారు. పౌలు ఆ మాట అన్నది ధర్మశాస్త్రం వల్ల నీతిమంతులం అవుదామని సున్నతి వైపు వెళ్తున్న మహా నిష్ఠాపరుల గురించి.

భయపడి నలిగిపోతున్నవాడికి హెబ్రీ 6 చదివి వినిపించి, నిర్లక్ష్యంగా తిరుగుతున్నవాడికి రోమా 8 చదివి వినిపిస్తే రెండు మందులూ తారుమారైనట్టే.

కృప విషయంలో సంఘాల మధ్య తేడాలు ఎక్కడ మొదలయ్యాయి?

ఐదో శతాబ్దం మొదట్లో పెలాగియస్ అనే సన్యాసి, మనిషి తన సంకల్పంతో దేవుని ఆజ్ఞలు పాటించగలడని బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్నపు బిషప్ అగస్టీన్ (354–430) ఒప్పుకోలేదు. కోరుకోవడానికి కూడా ముందు కృప కావాలన్నాడు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. 529లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ పట్నంలో జరిగిన సభ, విశ్వాసపు తొలి అడుగు కూడా కృప వల్లనేనని చెప్పింది. ‘మొదటి అడుగు నీది, మిగతాది దేవుడిది’ అని ఇప్పుడు వేదికల మీద వినిపించే మాట, నిజానికి అప్పుడే వద్దనుకున్నది.

16వ శతాబ్దంలో తగాదా వేరే. కృప అవసరమని ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్, రోము (కతోలిక సంఘం) ఇద్దరూ అన్నారు. దేవుడు మనిషిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, లోపల నీతిమంతుడిగా మారుస్తాడా, అందులో మనిషి సహకారానికి చోటుందా అన్నది ప్రశ్న. ట్రెంట్ మహాసభ 1547లో కతోలిక జవాబు ఇచ్చింది. ఆ తర్వాత 450 ఏళ్లు గడిచాక, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన పుణ్యం వల్ల కాక కేవలం కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని అందులో కలిసి ఒప్పుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాల ప్రపంచ సమాఖ్య దానితో చేతులు కలిపారు. తేడాలన్నీ పోలేదు కానీ, రెండు వర్గాలు ఒకరినొకరు శపించుకున్న సంగతి మీద ఇంతదూరం రావడం చిన్న విషయం కాదు.

ఆర్థడాక్స్ సంఘాలు ఈ కోర్టు భాషలోకి పెద్దగా దిగలేదు. వాళ్ల దృష్టిలో కృప అంటే దేవుడు తయారుచేసి ఇచ్చే ఒక వస్తువు కాదు, దేవుని సొంత శక్తే మనిషిని తాకడం. 14వ శతాబ్దంలో గ్రెగొరీ పాలమాస్ దీన్ని గట్టిగా వాదించాడు.

కృపావరాలు, కృప ఒకటేనా?

ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. బోధించడం, స్వస్థపరచడం, భాషలు మాట్లాడడం లాంటి వరాలు సంఘం మేలు కోసం ఒక్కొక్కరికి ఒక్కోలా ఇస్తారు (1 కొరింథీ 12). వరం ఎక్కువున్నంత మాత్రాన కృప ఎక్కువున్నట్టు కాదు. కొరింథీ సంఘంలో వరాలకు కొదువ లేదు, వాళ్ల గొడవలకూ కొదువ లేదు.

నాకేమీ అనిపించదు. ప్రార్థన చేసినా లోపల ఖాళీగానే ఉంటుంది. నాకు కృప లేదనుకోవాలా?

దేవాలయంలో సుంకరి (లూకా 18) దూరంగా నిలబడ్డాడు. కళ్లెత్తి పైకి చూడడానికి కూడా ధైర్యం చాలలేదు. ఒకే వాక్యం ప్రార్థించాడు: పాపినైన నన్ను కరుణించు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది అతనేనని యేసు అన్నారు. అతనికి ఆ క్షణంలో ఏమైనా అనిపించిందా లేదా అన్నది కథలో లేదు. తీర్పు దేవుని నోట వచ్చింది, అతని గుండెలో కాదు.

హెబ్రీ 4:16 కృపాసనం దగ్గరికి ధైర్యంగా రమ్మంటుంది. ఎప్పుడు? సమయోచిత సహాయం కావలసినప్పుడు. అంటే బాగా లేని రోజున. రోజుల తరబడి ఏదీ రుచించక, నిద్రలేక, బతకాలనే అనిపించకపోతే మాత్రం అది విశ్వాసం లోపమని కుమిలిపోకండి. డాక్టరుకు చూపించుకోండి, నమ్మకమైన మనిషితో చెప్పుకోండి. ఆ సహాయం కూడా ఆయన దగ్గరినుంచి రావడానికి అడ్డేమీ లేదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టమంటారు?

లూకా 15, తర్వాత 2 సమూయేలు 9. కథలు ముందు, వాదాలు తర్వాత. ఆపైన ఎఫెసీ 2, తీతు 2–3, చివరికి రోమా 3 నుంచి 8 దాకా తీరిగ్గా.

నన్నడిగితే వీటి మధ్యలో ఎక్కడో యోనా కూడా చదవమంటాను, నాలుగే అధ్యాయాలు. యోనా హెచ్చరించిన నీనెవె పట్నం మారుమనసు పొందింది, దేవుడు నాశనం చేయలేదు, ప్రవక్తకు ఒళ్లు మండింది. నువ్వు కటాక్షం, జాలి ఉన్న దేవుడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయానని దేవుడితోనే అన్నాడు. నిర్గమకాండం 34లోని మాటలనే ఫిర్యాదుగా వాడుకున్నవాడు బైబిల్ మొత్తంలో అతనొక్కడే కావచ్చు. పుస్తకం దేవుని ప్రశ్నతో ఆగిపోతుంది: కుడి ఎడమలు తెలియని 1,20,000 కంటే ఎక్కువమంది జనం, బోలెడు పశువులు ఉన్న ఈ పట్నం మీద నేను జాలిపడవద్దా? యోనా ఏం జవాబిచ్చాడో రాయలేదు.